పురుగు అలవాటుపడినదా? — పైరుల పరిణామ విద్యను గూర్చి



నేడు మీతో ముచ్చటింపదలచినది ఒక చదువును గూర్చి. ఆ చదువు మన పత్తిచేలకును మిరపతోటలకును సంబంధించినది. నేను ముప్పదియేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. చిన్ననాట మా తాతగారి యొద్ద అమరమును, శబ్దములును, కొన్ని కావ్యములును వల్లించితిని గాని ప్రకృతిశాస్త్రములను క్రమముగా చదివినవాడను గాను. అట్టివాడు ఈ విషయమున నోరు విప్పుటకు కారణము మొదట మనవి చేసెదను.

గత సంక్రాంతి పండుగనాడు మా వీథిలోని రైతు ఒకడు మా యింటి అరుగుపై వచ్చి కూర్చుండెను. అతడు నాకు శిష్యుడు. అతని కుమార్తె బాపట్ల వ్యవసాయ కళాశాలలో పట్టము పొంది యింటికి వచ్చియున్నది. "మాస్టారూ! అమ్మాయికి మీరు నాలుగు మంచిమాటలు చెప్పాలి. బ్యాంకు పరీక్షకో, ఎరువుల కంపెనీకో పోతుందనుకున్నాం. అదేమో మొక్కలూ పురుగులూ తరతరాలుగా ఎట్లా మారుతూ వచ్చాయో చదువుతానంటుంది. మొక్క మారితే మనకేం, మారకపోతే మనకేం?" అని అతడు వాపోయెను. మరునాడు ఆ బాలికను పిలిపించితిని. నేను హితము చెప్పుటకు గొంతు సవరించుకొనుచుండగా ఆమెయే నన్ను ప్రశ్నించినది.

"తాతయ్యగారూ, ఒక్కమాట అడుగుతాను. పోయినేడు చచ్చిన పురుగు ఈ ఏడు అదే మందుకు ఎందుకు చావలేదు?"

"పురుగు మందుకు అలవాటుపడ్డదమ్మా. అందరికీ తెలిసిందేగా!" అంటిని.

"ఆ మాట తప్పండీ. ఆ తప్పును దిద్దే శాస్త్రమే నేను చదవాలనుకుంటున్నది" అని ఆమె వినయముగా బదులు చెప్పినది.

అరువది దాటిన పిమ్మట నేను మరల శిష్యుడనైతిని. నెలరోజులు సాయంకాలమందు ఆ బాలిక చెప్పగా విన్నదానిని, పిదప గ్రంథములు చూచి రూఢి చేసికొన్నదానిని నేడు మీ యెదుట ఉంచుచున్నాను.

ఈ శాస్త్రమును పరిణామ జీవావరణ శాస్త్రమందురు. పేరు పెద్దది, అర్థము సులభము. ఆవరణమనగా చుట్టును ఉన్నది. మొక్కకు చుట్టును ఉన్నవేవి? నేల, నీరు, ఎండ, పురుగు, పక్షి, తెగులు, కలుపు, చివరకు కొడవలి పట్టిన మనుష్యుడు. పరిణామమనగా ఒక జాతి తరతరములుగా పొందు మార్పు. చుట్టునున్న వానివలన మొక్క ఎట్లు మారినది, మొక్క వలన చుట్టునున్నవి ఎట్లు మారినవి అని విచారించుట ఈ విద్య.

ఇది మీరెరుగని సంగతి కాదు. డెల్టా వరిపొలములలో ఊదగడ్డి లేనిచోటు కలదా? లేతదశలో ఊద అచ్చముగా వరివలెనే యుండును. ఇది యాదృచ్ఛికము కాదు. వేలయేండ్లుగా కలుపు తీయు స్త్రీలు కంటికి వేరుగా కనబడిన ఊదను పెరికివేసిరి. వరిని పోలిన ఊద వారి చేతికి చిక్కక గింజ రాల్చెను. మరుసటి యేడు ఆ గింజలే మొలిచెను. ఇట్లు తరతరములు జరుగగా వరిని పోలిన ఊద మిగిలినది. ఊద వేషము వేయ నేర్చుకొనలేదు. కలుపు తీసిన చేతులే దానికి వేషము వేసినవి. ఈ యేరివేతకే ఎంపిక యని పేరు. 1859లో చార్లెస్ డార్విన్ అను ఆంగ్లేయ పండితుడు ప్రకటించిన సిద్ధాంతమునకు మూలస్తంభమిదియే.

ఇక మన మిరపకు వత్తము. గుంటూరు మిరప యనిన దేశదేశముల వారికి కన్నీరు వచ్చును. కాని మిరప పుట్టినిల్లు గుంటూరు కాదు, భారతదేశమును కాదు. అది అమెరికా ఖండముల మొక్క. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారి వర్తకముతో మన తీరమునకు వచ్చినది. అంతకు పూర్వము మన వంటయింట కారమునకు మిరియాలే దిక్కు.

ఆ మొక్కకు కారమేల కలిగినది? మన నాలుక కొరకు మాత్రము కాదు. మనుష్యుడు నాటుటకు చాలముందే అడవిమిరపకు కారమున్నది. ఆ కారమునకు మూలమైన కాప్సైసిన్ అను పదార్థము గింజలు అంటియుండు తెల్లని నడిమిపొరలో పుట్టును, గింజలో పుట్టదు. ఎలుక జాతి జంతువులు కాయను తినినచో గింజలను నమిలి చూర్ణము చేయును. మొక్కకు సంతానము లేదు. పక్షి తినినచో గింజ చెడక రెట్టతో వెడలి దూరమున మొలచును. కాప్సైసిన్ ఎలుక నోటిని మండించును. పక్షికి ఆ మంట తెలియదు. కావుననే మన దొడ్లలోని సన్నపు మిరపపండ్లను పిట్టలు నిశ్చింతగా మ్రింగుచుండును. 2001లో టుక్స్‌బరీ, నాభన్ అను శాస్త్రజ్ఞులు అమెరికాలోని అరిజోనా ప్రాంతపు అడవిమిరపలను పరీక్షించి, ఎలుకలు వానిని ముట్టకపోవుటయు, పక్షులు తిని గింజలను చెడకుండ విడుచుటయు నిరూపించిరి.

కథ అంతటితో ముగియలేదు. దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశమున ఒకే జాతి అడవిమిరపలో కారపు మొక్కలును చప్పని మొక్కలును కలసి పెరుగును. కారము మేలైనదైనచో చప్పనివి ఏల మిగిలినవి? శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నతో కొండలును మైదానములును తిరిగిరి. ముక్కుతో కాయను పొడిచి రసము పీల్చు పురుగులు ఆ రంధ్రముల ద్వారా బూజును లోనికి దింపును. అట్టి పురుగులు ఎక్కువగానున్న చోట కారపు మొక్కలు ఎక్కువ. కాప్సైసిన్ బూజును అణచును. కాని నీటి యెద్దడిగల చోట కారపు మొక్కలకు చప్పనివానితో పోల్చిన సుమారు సగము గింజలే పట్టును. కావున పురుగు, బూజు తక్కువైన ఎండునేలలో చప్పని మొక్కకే గెలుపు.

ఈ శాస్త్రపు మొదటి పాఠము ఇక్కడ నున్నది: ఏ గుణమును ఉచితముగా రాదు. ప్రతి రక్షణకును మొక్క వెల చెల్లించుచున్నది. ఆ వెల ఏ నేలలో లాభము, ఏ నేలలో నష్టము అని లెక్కకట్టుటయే విద్యార్థుల పని.

పిమ్మట మనుష్యుడు వచ్చెను. అడవిమిరపకాయ చిన్నది, ఆకాశమువైపు నిక్కి యుండును, పండిన వెంటనే తొడిమ నుండి ఊడును. పక్షికి కనబడుటకు, సులువుగా చిక్కుటకు అది అనుకూలము. కోత కోయువారికి ఊడిపడు కాయ దండుగ. పెద్దది, ఆకుల క్రింద వ్రేలాడునది, కోయువరకు చెట్టున నిలుచునది మన పూర్వులు ఏరి విత్తనము కట్టిరి. ఇట్లు పక్షి చేసిన ఎంపికను రైతు తన చేతిలోనికి తీసికొనెను. గుంటూరు చేరువ లాం గ్రామమునందలి పరిశోధన స్థానమునుండి వెలువడిన జి-4, ఎల్.సి.ఏ.-334 మొదలైన రకములు ఆ ప్రాచీన వృత్తికి నేటి కొనసాగింపులే.

ఇక పత్తి. పత్తి ఆకును వేలితో తడిమి చూడుడు. కొన్ని రకముల ఆకులపై సన్నని నూగు దట్టముగా నుండును. కొన్ని నున్నగా నుండును. నూగు గల ఆకుపై పచ్చదోమ సరిగా నిలువలేదు, గ్రుడ్డు పెట్టలేదు. కావున నూగు మంచిదనుకొందుము. కాని తెల్లదోమకు ఆ నూగే మెత్తని పరుపు. ఒక శత్రువునకు మూసిన తలుపు మరియొక శత్రువునకు తెరచిన తలుపైనది. మిరప నేర్పిన పాఠమే ఇచ్చట మరల కనబడుచున్నది.

తెల్లదోమ యనగానే మీలో పలువురకు 1987వ సంవత్సరము గుర్తుకు రాకమానదు. నాటి గుంటూరు, ప్రకాశము జిల్లాల నుండి 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడినవి గాని పత్తిచేలకును తెల్లదోమకును ఈ యెల్లలు తెలియవు. సాగరు నీరు వచ్చిన పిమ్మట నల్లరేగడిలో పత్తి విస్తరించెను. 1980 ప్రాంతమున సింథటిక్ పైరిత్రాయిడులను కొత్తమందులు వచ్చినవి. మొదట వాని ప్రభావము అద్భుతము. ఉదయము కొట్టిన సాయంకాలమునకు పురుగు నేలరాలెను. కొన్నియేండ్లు రైతు రాజైనాడు. 1987లో తెల్లదోమ చేలపై కమ్ముకొనెను. శనగపచ్చ పురుగు ఏ మందుకును లొంగక కాయలను తొలిచెను. ఆ పంటకాలమున ఈ ప్రాంతపు రైతులు కొందరు అప్పులపాలై ప్రాణములు తీసికొనిరి.

అప్పటికి నేను కొత్తగా ఉద్యోగమున చేరినవాడను. మా నాయనగారు నాలుగు ఎకరముల పత్తి వేసిరి. ఆయన పద్దు పుస్తకము నేటికిని మా యింట ఉన్నది. మందు కొట్టిన ప్రతి దినమును, మందు వెలయు, కూలియు ఆయన స్వహస్తముతో వ్రాసియుంచిరి. మొత్తము పదునెనిమిది మారులు. ఆ యేడు పత్తి తీసిన కూలికి కూడ పంట చాలలేదు. మా యమ్మ మెడలోని గొలుసు పోయినది. ఆయన ఆ పుస్తకమును మరల తెరువలేదు. నేనును ముప్పదియేండ్లకు పైగా తెరువలేదు.

ఆ బాలిక అడుగగా దానిని అటకమీదనుండి దించితిని. ఆమె పద్దుల వంక చూడలేదు. తేదీల వంక చూచినది. కాగితముపై వరుసగా వ్రాసినది. మొదటి రెండు మందులకు నడుమ పదునాలుగు దినములు. నడిమి మందులకు నడుమ ఏడు దినములు. చివరి మందులకు నడుమ మూడు దినములు. "తాతయ్యగారూ, ముత్తాతగారు అప్పులే రాశామనుకున్నారు. మందు పట్టు ఎట్లా సడలిపోయిందో కూడా ఇందులో ఉందండీ" అన్నది. నాకు కొంతసేపు మాట రాలేదు.

ఆమె చెప్పిన వివరణ ఇది. ఒక చేనిలో పదివేల పురుగులున్నవనుకొందము. అన్నియు ఒకే తీరున పుట్టవు. వేయింటికి ఒకటి చొప్పున పది పురుగులు పుట్టుకతోనే ఆ విషమును విరుచుకొను శక్తి గలిగి యుండెననుకొందము. మందు కొట్టకముందే అవి ఉన్నవి. మందు వానిని పుట్టింపలేదు. మందు కొట్టగా మిగిలినవన్నియు చచ్చును. ఆ పదియు మిగులును. అవి తమలో తాము జతకట్టి ఒక్కొక్క ఆడ రెక్కల పురుగు వందల గ్రుడ్లు పెట్టును. పిల్లలలో పెక్కింటికి తల్లిదండ్రుల శక్తియే. మరల అదే మందు కొట్టిన అది ఏమి చేయగలదు? మందు ఒక జల్లెడ. మనము జల్లించిన కొలదియు మొండిజాతి గింజలు పైన మిగులుచున్నవి. ఏ పురుగును అలవాటుపడలేదు. అలవాటు ఒక జీవి తన యాయుష్కాలములో పొందునది. ఎంపిక తరములమీద జరుగునది.

మాటకు మాట మార్చినంత మాత్రమున ఏమి లాభమని మీరడుగవచ్చును. లాభమున్నది. పురుగు అలవాటుపడినదని నమ్మినవాడు మోతాదు పెంచును, లేక పదే పదే కొట్టును. అది ఎంపికను త్వరపెట్టును. అంతేకాక విచక్షణ లేని మందు అక్షింతల పురుగులను, సాలెపురుగులను, పురుగు గ్రుడ్లను తినివేయు చిన్న యీగలను కూడ చంపును. కాపలావారు చచ్చిన కోటలోనికి దొంగ ప్రవేశించుట ఎంత సేపు? తెల్లదోమ అట్లు పెచ్చుపెరిగినది. ఎంపికయని యెరిగినవాడు ఒకే మందును వరుసగా వాడడు, ఒకే పైరును ఏటేట వేయడు, మిత్రపురుగులను కాపాడును. లాం పరిశోధన స్థానము పిమ్మట తెల్లదోమను తట్టుకొను కాంచన మొదలైన పత్తిరకములను వెలువరించినది.

1987తో పాఠము ముగిసెనా? లేదు. 2002లో మన దేశమున బి.టి. పత్తికి అనుమతి లభించెను. నేలలోనుండు ఒక సూక్ష్మజీవి యొక్క జన్యువును పత్తిలో చేర్చగా, ఆ మొక్కయే కాయతొలుచు పురుగునకు విషమును తయారుచేయును. 2006లో రెండు జన్యువులుగల రెండవ తరము విత్తనము వచ్చెను. మందులు తగ్గినవి, దిగుబడి పెరిగినది. కాని ఇదియు ఒక జల్లెడయే గదా! కావుననే శాస్త్రజ్ఞులు బి.టి. విత్తనపు పొట్లముతోబాటు నూటయిరువది గ్రాముల మామూలు పత్తి విత్తనపు చిన్న పొట్లము నిచ్చి, చేను చుట్టును ఐదు సాళ్లుగాని, విస్తీర్ణములో ఐదవవంతుగాని దానిని వేయుడని చెప్పిరి. దీనిని ఆశ్రయపంట యందురు.

పురుగును పెంచుటకు పంట వేయుమనుట వెర్రియని మనము నవ్వితిమి. మా తమ్ముడు ఆ చిన్న పొట్లములను గట్టున పారవేయుచుండెను. ఇంట నుండి చూచుచు నేనును ఊరకుంటిని. అందలి తర్కము వినుడు. బి.టి. చేనిలో విషమును విరుచుకొనిన మొండిపురుగు వేలలో ఒకటి మిగులును. ప్రక్క సాళ్లలో మామూలు పత్తిపై విషమెరుగని పురుగులు వందలుగా పెరుగును. మొండిదానికి జత దొరకవలయుననిన ఈ వందలలోనే దొరకును. అట్టి జతకు పుట్టిన పిల్లకు మొండిశక్తి ఒక వైపునుండియే వచ్చును; విషము గట్టిగానున్న ఆకును తినిన అట్టి పిల్లలు చాలవరకు చచ్చును. ఐదు సాళ్లు లేనిచో మొండిది మొండిదానితోనే జతకట్టును. మనము పారవేసిన పొట్లము పురుగునకు మేత కాదు, మన మందునకు ఆయువు.

ఫలితమేమైనది? 2010 నాటికి గుజరాతులో గులాబీరంగు పురుగు మొదటి జన్యువును జయించెనని తెలిసెను. మరికొన్ని యేండ్లకు రెండు జన్యువులకును లొంగక మన చేలకును వ్యాపించెను. ఇచ్చట ఒక చిత్రమున్నది. శనగపచ్చ పురుగు బి.టి. పత్తికి అంత త్వరగా ఎదురు తిరుగలేదు. గులాబీరంగు పురుగు తిరిగెను. ఏల? శనగపచ్చ పురుగు పత్తినే కాక కందిని, శనగను, టమాటను, మరి యెన్నో పైరులను తినును. మన కందిచేలు, శనగచేలు మనకు తెలియకయే దానికి ఆశ్రయపంటలైనవి. గులాబీరంగు పురుగునకు ఇంచుమించు పత్తియే దిక్కు. దానికి ఆశ్రయము మనము పారవేసిన పొట్లములోనే యుండెను. పైగా పత్తిని ఫిబ్రవరి, మార్చి వరకు చేనిలో నిలుపుటవలనను, పత్తికట్టెను ఇండ్లచెంత కుప్పలు వేయుటవలనను దానికి ఏడాది పొడుగున నివాసము సమకూర్చితిమి.

ఇదే పురుగు అమెరికాలోని అరిజోనాలోను ఉండెను. అచ్చటి రైతులు 1996లో బి.టి. పత్తి వేయ మొదలిడినది మొదలు ఆశ్రయపంటను నిష్ఠగా వేసిరి. 2006 నుండి సంతానశక్తి లేని రెక్కల పురుగులను కోట్లకొలది గాలిలోనికి విడిచి, వచ్చిన పురుగునకు సరియైన జత దొరకకుండ చేసిరి. 2018లో అమెరికా పత్తిచేలలో గులాబీరంగు పురుగు నిర్మూలమైనదని ప్రభుత్వము ప్రకటించెను. పురుగు ఒకటే, జన్యువొకటే. ఎంపికను నడిపిన తీరు వేరు.

మిరపకును ఇటీవలనే ఇట్టి గండము వచ్చినది. 2015లో బెంగుళూరులో బొప్పాయిపై మొదట గుర్తింపబడిన విదేశపు తామరపురుగు 2021లో మన మిరపతోటల పూవులలో లక్షలుగా చేరెను. పూత రాలెను, తోటలు తొలగించిన రైతులెందరో కలరు. కొత్తదేశమునకు వచ్చిన పురుగు తన పాతశత్రువులను వెంట తీసికొనిరాదు; ఇచ్చటి శత్రువులు దానినెరుగుటకు కాలము పట్టును. ఆ కాలములో విచక్షణ లేక కొట్టిన మందు ఉన్న మిత్రులను కూడ చంపెను.

ఇక ఈ విద్యను చదువువారు ఏమి చేయుదురు? ఒక ఉదాహరణము. పొట్టిగా పెరిగిన మొక్క నేలవలన పొట్టియా, పుట్టుకచేత పొట్టియా? 1920 ప్రాంతములో ట్యురెసన్ అను స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు సముద్రపుటొడ్డున, కొండలమీద, మైదానములలో పెరుగు ఒకే జాతి మొక్కలను తెచ్చి ఒకే తోటలో ప్రక్కప్రక్కన నాటెను. సముద్రపుటొడ్డు మొక్కలు కొన్ని మంచి నేలలోను పొట్టిగానే యుండెను. ఆ గాలి ఆ పొట్టితనమును తరతరములుగా ఏరి స్థిరపరచినదని తేలెను. మన నల్లరేగడి విత్తనమును ఎర్రచెలకలోను, చెలక విత్తనమును రేగడిలోను మార్చి వేసి చూచు రైతు చేయునదియు ఇదియే. విద్యార్థి దానిని లెక్కతో, ఓపికతో, పెక్కు సాళ్లలో చేయును.

ఈ శాస్త్రమునకు గొప్ప యంత్రములే కావలెనని కాదు. పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణ అను మన తెలుగుబిడ్డ 1957లో కలకత్తా చేరి, జె.బి.యస్. హాల్డేన్ పండితుని శిష్యుడైనాడు. హాల్డేన్ ఇంగ్లండు విడిచి ఆ యేడే భారతదేశమునకు వచ్చి స్థిరపడిన మహాశాస్త్రజ్ఞుడు. ద్రోణంరాజు కంచెలలో పెరుగు లంటానా మొక్కల ప్రక్క నిలిచి, ఏ జాతి సీతాకోకచిలుక ఏ రంగు పూవుపై వ్రాలుచున్నదో లెక్కించెను. కొన్ని జాతులు ఒక రంగునే, మరికొన్ని మరియొక రంగునే కోరుచున్నవని కనుగొనెను. ఒకే జాతి మొక్కలో రెండు రంగుల పూవులకు రెండు విధముల అతిథులైనచో, ఆ మొక్క కాలక్రమమున రెండు జాతులుగా చీలవచ్చును గదా యని ఆలోచించెను. కన్నులు, కాగితము, ఓపిక — ఇవియే ఆయన సాధనములు. 1960లో ఆ పరిశోధన ప్రపంచఖ్యాతి గల నేచర్ పత్రికలో వెలువడెను.

1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్య సి. సుబ్బారెడ్డి గారును, ఆచార్య ఎ.జె. సాల్మన్ రాజు గారును తూర్పుకనుమల చెట్ల పూవులను ఏ తేనెటీగ, ఏ చిలుక, ఏ పక్షి సందర్శించుచున్నదో యేండ్ల తరబడి పరిశీలించిరి. మన ఎర్రచందనపు చెట్టు పూవు కాయగా మారుటకు తేనెటీగలెంత ముఖ్యమో 2002లో ప్రకటితమైన అట్టి పరిశోధనవలన తెలిసెను. ఈగను పోగొట్టుకొన్న అడవి చెట్టును కూడ పోగొట్టుకొనును.

మన పిల్లలు ఈ విద్యకు ఎచ్చటికి పోవలయును? దగ్గరలోనే బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుండి నడచుచున్నది. 1964లో స్థాపింపబడి, పిమ్మట నిడుబ్రోలు వాస్తవ్యులైన ఆచార్య రంగా గారి పేరు దాల్చిన వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు నేడు కేంద్రము లాం. నంబూరు చేరువ 1976లో నెలకొన్న నాగార్జున విశ్వవిద్యాలయము కలదు. మన విశ్వవిద్యాలయములలో పరిణామ జీవావరణ శాస్త్రమను పేరుతో ప్రత్యేక పట్టము అరుదు. వృక్షశాస్త్రమునో, కీటకశాస్త్రమునో, మొక్కల ప్రజననమునో, పర్యావరణ శాస్త్రమునో తీసికొని, అందు పరిశోధనకు ఈ విషయమును ఎన్నుకొందురు. పట్టము పిమ్మట రెండేండ్ల చదువు. ఆపై నాలుగైదేండ్ల పరిశోధన. జాతీయ పరీక్షలో నెగ్గినవారికి పరిశోధన కాలమున భృతి లభించును. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో జీవావరణ శాస్త్రమునకు ప్రత్యేక కేంద్రమే కలదు. గణితము రావలయును, ఎండలో నిలువగలుగవలయును, ఒక పంటకాలము పోయిన మరియొక పంటకాలమునకై వేచియుండ గలుగవలయును. ఈ మూడవది మన రైతుబిడ్డలకు ఎవరును నేర్పనక్కరలేదు.

ఆర్జన మాట యేమి యందురా? నేను దాచిపెట్టను. ఈ చదువు త్వరగా కాసులు రాల్చునది కాదు. ఉద్యోగములు కొన్నియే. మందుల దుకాణము పెట్టినవానికి ముందు లాభము వచ్చును. కాని మందు ఎప్పుడు, ఎందుకు పనిచేయక పోవునో చెప్పగలవారు మన యూళ్లలో నుండనిచో ఆ దుకాణమే మనకు గురువగును. మా నాయనగారికి 1987లో పదునెనిమిది మారులు మందు కొట్టుమని చెప్పినవారే గాని, ఆరవమారు ఆగి ఆలోచింపుమని చెప్పినవారు లేకపోయిరి.

ఈ మాటలనే ఆ రైతుతో అంటిని. అతడు తల వంచుకొని విని వెడలిపోయెను. ఔనని గాని కాదని గాని అనలేదు. ఆషాఢమాసమున ఒకనాటి ఉదయము చేనికి పోవుచు మా వాకిట నిలిచెను. "మాస్టారూ! చేను చుట్టూ అయిదు సాళ్లు మామూలు పత్తి వేయిస్తున్నాను. డిసెంబరుకల్లా పత్తి పీకేసి ఆ చేలో శనగ వేయమంటుంది మా అమ్మాయి" అనెను. "మరి చదువు?" అని అడిగితిని. "పై చదువుకు దరఖాస్తు పెట్టింది. పెట్టనీయండి. సీటు వస్తే నేనే వెళ్లి దింపి వస్తాను" అని నవ్వెను.

ఆమెకు సీటు వచ్చినది. బయలుదేరునాడు మా నాయనగారి పద్దు పుస్తకములోని తేదీలన్నియు ఒక కొత్తపుస్తకమున ఎత్తి వ్రాసికొని తీసికొనిపోయినది.

పెద్దలారా! మీ యిండ్లలోను ఇట్టి పద్దు పుస్తకములుండును. ఏ యేట ఏ పైరు వేసితిమి, ఏ పురుగు వచ్చినది, ఏ మందు ఎన్నిమారులు కొట్టితిమి, ఏది పనిచేసినది, ఏది చేయలేదు — వ్రాసినవారు వానిని పారవేయకుడు; వ్రాయనివారు ఈ యేటినుండి వ్రాయుడు. విత్తనముతో వచ్చు ఆశ్రయపు గింజను గట్టున విసరివేయకుడు. ఇటీవల సంచిలోనే కలిపి యిచ్చుచున్నచో దానిని వేరుచేయకుడు. పత్తి కాలము ముగియగానే పత్తికట్టెను చేనిలోను, ఇంటిచెంతను నిలువనీయకుడు. మొక్కల మార్పును చదివెదనని మీ యింటి బిడ్డ అడిగినచో, అదియేమి చదువని నవ్వక, ముందు ఆ పద్దు పుస్తకమును తెచ్చి ఆ బిడ్డ చేతిలో పెట్టుడు.